టార్చి లైటుకు ఏ సైజు సెల్లు? బాయి కాడికి ఒకటి, ఇంట్లోకి ఒకటి, నడకకు ఒకటి

మా నల్లగొండ వైపు ఊళ్లలో టార్చిని "బ్యాటరీ" అంటారు, దాని లోపల వేసేదాన్ని "సెల్లు" అంటారు. అందుకే దుకాణానికి పోయి "రీచార్జి బ్యాటరీ ఇవ్వన్నా" అంటే టార్చి తెచ్చి చేతిలో పెడతారు. ఇక్కడ తికమక లేకుండా వెలుగిచ్చే వస్తువును టార్చి అంటాను, లోపలిది సెల్లు.

మా ఇంటి గూట్లో చచ్చిపోయిన టార్చీలు ఆరు పోగయ్యాయి. వెనక రెండు పిన్నులు బయటికి జరిగి, నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చే రకం. కొన్న ఏడాది బాగానే వెలుగుతాయి, మరుసటి వానాకాలానికి మిణుగురు పురుగులైపోతాయి. మా నాయిన ఒకటి పోతే ఇంకొకటి కొంటూ వచ్చాడు. ఒక రాత్రి బాయి కాడ వాల్వు తిప్పడానికి పోయినప్పుడు సగం దారిలో లైటు ఆరిపోయింది. ఫోన్ వెలుతురులో ఇల్లు చేరాడు. దారిలో కాలికి మెత్తగా ఏదో తగిలిందట. పైపు ముక్కో, రక్తపింజరో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఆ మర్నాడు ఒక టార్చిని విప్పి చూశాను. లోపల 4 వోల్టుల చిన్న లెడ్ యాసిడ్ డబ్బా ఉంది, కారు బ్యాటరీకి తమ్ముడిలాంటిది. ఖాళీగా వదిలేస్తే దాని సీసం పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఇక చార్జి పట్టదు. టార్చి అంటేనే వాడి వదిలేసి, నెలల తరబడి మేకుకు వేలాడే వస్తువు. దాని బతుక్కీ, లోపల పెట్టిన బ్యాటరీ స్వభావానికీ పొత్తే కుదరదు. కాబట్టి ఈ పోలికలో దానికి చోటు ఇవ్వడం లేదు. మీ ఇంట్లో ఉంటే మాత్రం నెలకొకసారి చార్జి పెట్టండి, ఇంకొన్నాళ్లు బతుకుతుంది.

సైజు కంటే ముందు చూసుకోవలసినవి

ఎక్కువ మంది ఎంఏహెచ్ అంకెతో, అంటే సెల్లు మీద దాని నిల్వ ఎంతో చెప్పే అంకెతో మొదలుపెడతారు. నేను దాన్ని చివరికి నెట్టేస్తాను. మొదటి ప్రశ్న: సెల్లు తీసి పెట్టేది, చార్జి చేసేది ఎవరు? కళ్లు సరిగా కనబడని పెద్దమ్మకూ, రోజూ ఫోన్ చార్జి పెట్టుకునే కుర్రాడికీ ఒకే సెల్లు సరిపోదు. రెండోది, ఒక రాత్రికి ఎంతసేపు వెలగాలి? పది నిమిషాలా, నాలుగు గంటలా? మూడోది, టార్చి పగలంతా ఎక్కడ పడి ఉంటుంది? మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు మామూలు. బండి డిక్కీలోనో, రేకుల షెడ్డులోనో ఇంకా ఎక్కువ. నాలుగోది, సెల్లు పోతే కొత్తది ఎక్కడ దొరుకుతుంది? నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర దొరికేది దేవరకొండ అవతలి తండాలో దొరక్కపోవచ్చు.

దూరం సంగతి కావాలనే వదిలేశాను. వెలుగు ఎంత దూరం పోతుందన్నది ముఖ్యంగా లోపలి అద్దం వెడల్పును బట్టి, ఎల్‌ఈడీని బట్టి ఉంటుంది. సెల్లు సైజు అక్కడ నేరుగా పని చేయదు. పైగా డబ్బా మీద "200 మీటర్లు" అని రాస్తే, అక్కడ పడే వెలుగు నిండు పున్నమి వెన్నెలంత, అంటే 0.25 లక్స్. ఆ వెలుగులో అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది కానీ అది కుక్కో నక్కో తెలియదు. రాసిన దూరంలో సగమే పనికొచ్చే దూరం అనుకోండి.

ఎంఏహెచ్‌తో వచ్చే చిక్కు

నికెల్ ఏఏ సెల్లు (గోడ గడియారంలో వేసే సైజే, కానీ రీచార్జి అయ్యేది) మీద 2000 ఎంఏహెచ్ అని ఉంటుంది. అదే సైజులో ఉండే 14500 లిథియం సెల్లు మీద 900 అని ఉంటుంది. ఏఏ సెల్లు రెండింతలు అనిపిస్తుంది కదా. వోల్టేజీతో గుణించి, వెయ్యితో భాగించి చూడండి. ఏఏ 1.2 వోల్టులది, అంటే 2.4 వాట్-గంటలు. లిథియం 3.7 వోల్టులది, అంటే 3.3 వాట్-గంటలు. తక్కువ అంకె ఉన్నదే ఎక్కువ శక్తి ఇస్తోంది. రకాలు వేరైనప్పుడు వాట్-గంటల్లోనే పోల్చాలి.

పేర్లలో మర్మమేమీ లేదు. 18650లో మొదటి రెండంకెలు వెడల్పు, 18 మిల్లీమీటర్లు. తర్వాతి రెండు పొడవు, 65. చివరి సున్నా గుండ్రటి ఆకారానికి. అదే లెక్కన 21700 అంటే 21 వెడల్పు, 70 పొడవు. ఇంకొక మాట. తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి. ఒక్క లిథియం సెల్లు నిండుగా ఉన్నప్పుడు 4.2, ఖాళీ అయ్యేసరికి 3కు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక్కటే సరిపోతుంది. నికెల్ సెల్లుకు మాత్రం వోల్టేజీ పెంచే సర్క్యూట్ టార్చిలోనే ఉండాలి. పాత బల్బు టార్చీలకు రెండు మూడు సెల్లులు వరసగా పేర్చిందీ వోల్టేజీ కోసమే.

కింది పట్టికలో చివరి నిలువు వరస నా లెక్క. ఒక వాట్‌కు 100 ల్యూమెన్ల వెలుగు వస్తుందని, దారిలో పది శాతం శక్తి పోతుందని పట్టుకున్నాను. మీ టార్చిలో కాస్త అటూ ఇటూ ఉంటుంది.

| సెల్లు | కొలత (మి.మీ.) | వోల్టేజీ | నిజంగా దొరికే కెపాసిటీ (ఎంఏహెచ్) | బరువు (గ్రా.) | 300 ల్యూమెన్ల వెలుగు ఎంతసేపు |
|---|---|---|---|---|---|
| ఏఏ నికెల్, రెండు కలిపి | ఒక్కోటి 14.5 × 50.5 | 1.2 + 1.2 | 2000 | 54 | గంటన్నర లోపు |
| 14500 | 14 × 50 | 3.7 | 800–1000 | 20 | దాదాపు గంట |
| 16340 | 16 × 34 | 3.7 | 650–800 | 18 | ముప్పావు గంట |
| 18650 | 18 × 65 | 3.6 | 2600–3500 | 48 | మూడు, నాలుగు గంటలు |
| 21700 | 21 × 70 | 3.6 | 4000–5000 | 70 | నాలుగున్నర, ఐదున్నర గంటలు |
| 26650 | 26 × 65 | 3.6 | 5000–5500 | 93 | ఐదున్నర, ఆరు గంటలు |
| 32700 ఫాస్ఫేట్ | 32 × 70 | 3.2 | 6000 | 140 | దాదాపు ఐదు ముప్పావు గంటలు |

ఏఏ నికెల్ సెల్లు: ఇంట్లో పెద్దవాళ్లకు ఇదే

శక్తి లెక్కలో ఇది ఓడిపోతుంది. ఒక్క 18650 ఇచ్చేదానికి ఐదు ఏఏ సెల్లులు కావాలి. అయినా మా చిన్నమ్మకు నేను కొనిచ్చింది రెండు ఏఏ సెల్లుల టార్చే.

ఎందుకంటే దీనితో ప్రమాదం తక్కువ. తిరగేసి పెడితే వెలగదు, అంతే. చార్జరు మీద రాత్రంతా మరిచిపోయినా, మంచి చార్జరైతే తనే ఆపేస్తుంది. సెల్లు దొరక్కపోతే ఊళ్లో కిరాణా కొట్టులో మామూలు ఏఏ సైజు ఎర్ర సెల్లులు రెండు కొని వేసుకోవచ్చు. రీచార్జి చేయని మామూలు సెల్లు, రీచార్జి సెల్లు రెండూ ఒకే గూట్లో పడే సౌకర్యం ఈ పట్టికలో ఇంకే సైజుకూ ఇంత సులువుగా లేదు.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి. పాత రకం నికెల్ సెల్లు వాడకుండా ఉంచినా నెలకు ఇరవై, ముప్పై శాతం దానంతటదే కారిపోతుంది. నాలుగు నెలల తర్వాత కరెంటు పోయిన రాత్రి తీస్తే ఖాళీ. 2005లో జపాన్‌లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో ఈ జబ్బుకు మందు కనిపెట్టింది. అలాంటివి ఏడాది తర్వాత కూడా సగానికి బాగా పైనే చార్జి నిలుపుకుంటాయి. ప్యాకెట్ మీద "తక్కువ సెల్ఫ్ డిశ్చార్జ్" అనో "రెడీ టు యూజ్" అనో ఉంటుంది. 2800, 3000 అని పెద్ద అంకెలు వేసిన వాటికంటే 1900, 2000 వేసిన ఈ రకమే మేలు.

శ్రీశైలానికి శివరాత్రి ముందు కాలినడకన పోయే స్వాములకు కూడా నేను ఇదే చెబుతాను. మన్ననూరు దాటాక అడవి దారి. చార్జి పెట్టుకునే చోటు కోసం వెతుక్కునే కంటే, దారి మొదట్లోనే నాలుగు సెల్లులు జోలెలో వేసుకుని పోవచ్చు. పవర్ బ్యాంకు ఉన్నవాళ్లయితే 18650 టార్చి పట్టుకుపోయినా సరే.

14500, 16340: చిన్నవి, అంతే

జేబులో పట్టే ముచ్చటైన టార్చీలు వీటితోనే వస్తాయి. డబ్బా మీద 800 ల్యూమెన్లు అని ఉంటుంది. ఆ వెలుగు రెండు మూడు నిమిషాలు ఉంటుంది, తర్వాత టార్చి వేడెక్కి తనంతట తనే తగ్గించుకుంటుంది. ఇంత చిన్న సెల్లు అంత కరెంటును ఎక్కువసేపు ఇవ్వలేదు, ఇంత చిన్న ఒళ్లు ఆ వేడిని బయటికి పంపలేదు. తాళం చెవుల గుత్తికి, అపార్ట్‌మెంటు మెట్లకు బాగుంటాయి. పొలం దారికి వద్దు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. 14500 సెల్లు చూడ్డానికి అచ్చం ఏఏ సెల్లే. పిల్లలు దాన్ని తీసి రిమోట్‌లోనో, గోడ గడియారంలోనో వేస్తే 1.5 వోల్టులు రావలసిన చోట 4.2 వోల్టులు పోయి ఆ వస్తువు కాలిపోతుంది. అలాగే దీన్ని ఏఏ చార్జరులో ఎప్పుడూ పెట్టకూడదు. ఏఏ సెల్లులు వాడే ఇంట్లో 14500 అసలు తెచ్చుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

18650: ముప్పాతిక మందికి ఇక్కడితో ఆగిపోవచ్చు

సోనీ కంపెనీ 1991లో లిథియం అయాన్ సెల్లును మార్కెట్లోకి తెచ్చాక, కొన్నేళ్లలోనే ఈ సైజు లాప్‌టాప్ ప్యాకుల్లో అంతటా పాతుకుపోయింది. అందుకే ఇప్పటికీ సెల్లు, చార్జరు, టార్చి మూడూ సులువుగా దొరికే లిథియం సైజు ఇదే.

మా నాయిన వాడకం చూద్దాం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, అర్ధరాత్రి కరెంటు కోసం కాపు కాసే పని పోయింది. కానీ బత్తాయి తోటకు ఒక వరస తడి అయ్యాక ఇంకొక వరసకు వాల్వు తిప్పాలి. రాత్రికి రెండుసార్లు, ఒక్కోసారి నలభై నిమిషాలు, 200 ల్యూమెన్ల వెలుగులో. అంటే రాత్రికి మూడు వాట్-గంటల లోపే. ఒక 18650 సెల్లులో 12 వాట్-గంటలు ఉంటాయి. నాలుగు రాత్రులకు ఒకసారి చార్జి పెడితే చాలు. ఆయన వారానికి రెండుసార్లు, సంత రోజున ఒకటి, సోమవారం ఒకటి అని లెక్క పెట్టుకున్నాడు.

నడవడానికి 1000 ల్యూమెన్లు అక్కర్లేదు కూడా. గట్టు మీద కాలి ముందు నాలుగడుగులు కనబడడానికి వంద, నూటయాభై చాలు. వెలుగు కాళ్ల ముందు వెడల్పుగా పరుచుకోవాలి. సన్నటి గీతలా దూరం పోయే టార్చితో నడిస్తే ఎదురుగా ఉన్న తుమ్మచెట్టు కనబడుతుంది, పక్కనే ఉన్న కట్లపాము కనబడదు.

18650లో రెండు తెగలున్నాయి. ఒకటి ఎక్కువ నిల్వ ఉండేది, శాంసంగ్ 35ఈ లాంటిది, 3500 దాకా. ఇంకొకటి తక్కువ నిల్వ, కానీ ఒకేసారి ఎక్కువ కరెంటు ఇవ్వగలది, శాంసంగ్ 30క్యూ లాంటిది, 3000 ఎంఏహెచ్, 15 ఆంపియర్లు. మామూలు టార్చికి మొదటిది. ఒక్క సెల్లుతో రెండు వేల ల్యూమెన్లు కొట్టే టార్చికి రెండోది.

పొడవు దగ్గర చాలామంది దెబ్బతింటారు. సెల్లు అడుగున రక్షణ సర్క్యూట్ పెట్టిన రకం 65 కాదు, 68 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కొన్ని టార్చీల మూత దానితో బిగియదు. పైన బొడిపె లేని చదును రకం కొన్ని టార్చీల్లో తగలనే తగలదు. కొనేముందు టార్చితో వచ్చిన సెల్లును పక్కన పెట్టి పోల్చండి. రక్షణ ఉన్నదా, లేనిదా అంటే, టార్చిలో వోల్టేజీ తగ్గగానే ఆపే ఏర్పాటు లేకపోతే రక్షణ ఉన్నదే తీసుకోవాలి. ఊళ్లో ఇచ్చేదైతే ఏ టార్చికైనా రక్షణ ఉన్నదే ఇస్తాను నేను.

తలకు కట్టుకునే లైటు కావాలన్నా ఇదే సైజు. మోటారు స్టార్టరు విప్పేటప్పుడు, గేదె ఈనేటప్పుడు రెండు చేతులూ కావాలి. టార్చిని నోట్లో కరుచుకుని ఎన్ని రాత్రులు గడిచాయో. 21700 అయితే నుదుటి మీద బరువనిపిస్తుంది.

21700: కావలి కాసేవాళ్లకు

2017లో వచ్చిన టెస్లా మోడల్ 3 కారుతో ఈ సైజు పేరు మార్మోగింది. ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్లలో కూడా వాడుతున్నారు. 18650 కంటే మూడు మిల్లీమీటర్లు లావు, ఐదు మిల్లీమీటర్లు పొడవు. చేతికి ఆ తేడా పెద్దగా తెలియదు. నిల్వ మాత్రం 5000 దాకా పోతుంది, అంటే 18 వాట్-గంటలు.

మా బావకు అచ్చంపేట దగ్గర పల్లి చేను. నల్లమల అంచు కాబట్టి కాయ ఊరే వేళకు అడవి పందులు గుంపుగా దిగుతాయి. మంచె మీద రాత్రంతా కావలి. ఆయన వాడకం నాయిన వాడకంలా కాదు. పది గంటలు మంచె మీద మందంగా 30 ల్యూమెన్లు వెలుగుతూ ఉండాలి, అది మూడు వాట్-గంటలు. మధ్యమధ్య చప్పుడైన వైపు 1000 ల్యూమెన్లు కొట్టాలి, రాత్రి మొత్తం మీద అరగంట అనుకుంటే ఐదు వాట్-గంటలు. మొత్తం ఎనిమిది. 18650 నుంచి చేతికి అందేది పదకొండు, కాబట్టి ఒక రాత్రికి సరిపోతుంది, మిగులు ఎక్కువ లేదు. సెల్లు రెండేళ్లు పాతబడితే తెల్లవారుజామున చేతులెత్తేస్తుంది. పందులు వచ్చేది ఆ వేళకే. 21700 నుంచి పదహారు అందుతాయి, దాదాపు రెండు రాత్రులు. బావకు అదే కొన్నాం.

దీనికి ఇంకొక లాభం ఉంది. చాలా 21700 టార్చీలతో ఒక ప్లాస్టిక్ తొడుగు ఇస్తారు. దానిలో 18650 పెట్టి ఇదే టార్చిలో వాడుకోవచ్చు. పెద్ద గూట్లో చిన్న సెల్లు పడుతుంది, చిన్న గూట్లో పెద్దది పట్టదు. నాయిన దగ్గర ఉన్న స్పేరు సెల్లు అవసరానికి బావ టార్చికి పనికొచ్చింది కూడా.

ఇక్కడా అదే బేరం. 5000 ఉన్నది ఎక్కువసేపు వెలుగుతుంది. మోలిసెల్ పీ42ఏ లాంటిది 4200 మాత్రమే, కానీ 45 ఆంపియర్ల దాకా ఇస్తుంది. అంత కరెంటు లాగే టార్చి మన పొలాల్లో ఎవరికీ అవసరం లేదు, చూపించుకోవడానికి తప్ప.

26650

లావు, బరువు. నిల్వలో 21700 కంటే పిసరంత ఎక్కువ. చేతిలో నిండుగా, పాత మూడు సెల్లుల స్టీలు టార్చి పట్టుకున్నట్టు ఉంటుందని ఇష్టపడేవాళ్లున్నారు. కానీ మంచి కంపెనీలు ఈ సైజులో కొత్త సెల్లులు తేవడం తగ్గించేశాయి, మార్కెట్లో దొరికేవాటిలో నాసిరకం ఎక్కువ. మీ దగ్గర ఇప్పటికే టార్చి ఉంటే వాడుకోండి. కొత్తగా ఈ దారి పట్టకండి.

32700 ఫాస్ఫేట్ సెల్లు: ఎండకు తట్టుకునేది

దీని రసాయనమే వేరు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. సోలారు వీధి దీపాల్లో, పెద్ద రైతు టార్చీల్లో వస్తుంది. 140 గ్రాములు. 21700 ఇచ్చే శక్తే ఇస్తూ రెండింతల బరువు తూగుతుంది. చూస్తే బేరం తప్పినట్టే ఉంటుంది.

రేకుల షెడ్డు సంగతి గుర్తుందా? మామూలు లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. నిండా చార్జి చేసి ఎండాకాలం అంతా వేడిలో పడేస్తే రెండు మూడేళ్లకే బాగా నీరసపడుతుంది. ఫాస్ఫేట్ సెల్లు ఆ వేడిని మెరుగ్గా ఓర్చుకుంటుంది, దెబ్బతిన్నా అంత తేలికగా మంట అంటుకోదు, రెండు వేల చార్జీల దాకా మన్నుతుంది. బోరు దగ్గర కొట్టంలోనో, పాలేరు పడుకునే పాకలోనో ఏడాది పొడుగునా ఉండే లైటుకు నేను దీన్నే ఎంచుకుంటాను. చేతిలో పట్టుకుని తిరగడానికి కాదు, మేకుకు తగిలించి ఉంచడానికి.

దీనికి చార్జరు వేరు. 3.65 వోల్టుల దగ్గర ఆగాలి. 4.2 వోల్టుల 18650 చార్జరులో పెడితే సెల్లు పాడవుతుంది. ఊళ్లో ఈ తేడా గుర్తుపెట్టుకునేవాళ్లు లేకపోతే, చార్జరు లోపలే అమర్చి ఉన్న టార్చి కొనండి.

9900 అని రాసి ఉంటే

18650 సైజులో నమ్మదగ్గ సెల్లులు మహా అయితే 4000 చుట్టుపక్కలే ఆగిపోతాయి. కాబట్టి 18650 మీద 9900, 12000 అని ఉంటే అది అబద్ధం. విప్పితే లోపల చిన్న సెల్లో, పాత లాప్‌టాప్ నుంచి పీకి కొత్త తొడుగు వేసిందో ఉంటుంది. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న నాలుగింటిలో నాలుగూ అలాంటివే.

పట్టుకోవడానికి సులువైన మార్గం తూకం. బంగారం కొట్టులో కాటా మీద పెట్టమని అడిగితే కాదనరు. అసలైన 18650 నలభై ఐదు గ్రాముల చుట్టూ తూగుతుంది. ముప్పై, ముప్పై ఐదు గ్రాములు తూగితే వెనక్కి ఇచ్చేయండి. పాత సెల్లుకు కొత్త తొడుగు వేసినదైతే తూకంలో దొరకదు, అది వాడితేనే బయటపడుతుంది. టార్చితో కలిపి అమ్మేవాటి ప్యాకు మీద ఐఎస్ 16046 అన్న నంబరు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. అది భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు.

చార్జి పెట్టడం

ఫోన్ చార్జరుతోనే చార్జి అయ్యే టార్చి ఊళ్లో చాలా సుఖం. కానీ కొన్ని చవక టార్చీలు రెండు వైపులా సి పిన్ను ఉన్న కేబుల్‌తో చార్జి కావు. లోపల పెట్టాల్సిన చిన్న రెసిస్టరు మిగుల్చుకుంటారు. టార్చి పాడైందని పారేసేముందు, ఒక వైపు పాత వెడల్పాటి పిన్ను ఉన్న కేబుల్‌తో ప్రయత్నించండి. ఇంకొకటి, సెల్లు బయటికి తీయడానికి వీలుండాలి. లోపలే అతికించేసిన టార్చి సెల్లు ఆయుష్షుతోనే పోతుంది. ప్లస్, మైనస్ రెండూ ఒకే వైపు ఉన్న ప్రత్యేక సెల్లుతో వచ్చే టార్చీలనూ తప్పించండి. ఆ సెల్లు ఆ కంపెనీ దగ్గరే దొరకాలి.

3500 సెల్లుకు ఒక ఆంపియరుతో నాలుగు గంటలు పడుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక పరుపు మీద, దూది మీద కాకుండా, ఎదురుగా ఉన్నప్పుడు గచ్చు మీద పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో ఉంచండి, నిండుగా వద్దు. రెండు మూడు లిథియం సెల్లులు వరసగా పేర్చే టార్చిలో కొత్తదీ పాతదీ కలపకూడదు. బలహీనమైనది ముందే ఖాళీ అయ్యి, మిగతావాటి దెబ్బకు తిరగబడుతుంది. అందుకే నేను ఒక్క సెల్లు టార్చీలే కొంటాను. స్పేరు సెల్లును తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేసుకోవద్దు. పైన బొడిపెకూ పక్క అంచుకూ మధ్య ఒక్క రూపాయి బిళ్ల ఆనినా షార్టవుతుంది. ఇరవై రూపాయల ప్లాస్టిక్ డబ్బా చాలు.

ఇక మీ ఇంటికి ఏది?

పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి ఏఏ నికెల్, రెండు సెల్లుల టార్చి, నాలుగు సెల్లులు, ఒక చార్జరు. పొలం దారికి, పశువుల కొట్టానికి, కరెంటు పోయినప్పుడు ఇంటికి 18650, రక్షణ ఉన్నది. రాత్రంతా కావలి, గొర్రెల మంద దగ్గర పడక, చేపల చెరువు కాపలా అయితే 21700. ఎండలో పడి ఉండే కొట్టానికి 32700. ఒకటే కొనగలం, ఇంట్లో చదువుకున్న పిల్లలున్నారు అంటే తొడుగుతో వచ్చే 21700 టార్చి కొని, మొదట్లో అందులో 18650 వేసుకుని నడపండి. డబ్బు చేతికొచ్చినప్పుడు పెద్ద సెల్లు కొనుక్కోవచ్చు.

కొన్న రోజే సెల్లు మీద మార్కరు పెన్నుతో నెల, సంవత్సరం రాయండి. మూడేళ్లు దాటాక వెలుగు సమయం సగానికి పడిపోతే మార్చే సమయం వచ్చినట్టే. ఉబ్బినా, తొడుగు చిరిగినా, చార్జిలో చేయి పెట్టలేనంత వేడెక్కినా తేదీతో పని లేదు, అప్పుడే పక్కన పెట్టాలి. అలాంటిదాన్ని పెంటకుప్పలో మాత్రం వేయకండి. మన ఊళ్లలో చెత్తకు నిప్పు పెట్టడం మామూలు, ఆ మంటలో లిథియం సెల్లు పేలుతుంది. రెండు చివరలకూ టేపు అంటించి, టౌనుకు పోయినప్పుడు పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. మా గూట్లోని ఆ ఆరు లెడ్ యాసిడ్ డబ్బాలను పాత ఇనుప సామాన్లవాడు తూకానికి తీసుకుపోయాడు, ఆరింటికీ కలిపి ఒక చాయ్ డబ్బులు వచ్చాయి.